తప్పు మనిషిలోనా, చుట్టూ ఉన్న లోకంలోనా? ఒక పాత తగువు

"నీకేం తక్కువని ఈ దిగులు? మనసు గట్టి చేసుకో." డిప్రెషన్‌తో సతమతమయ్యే మనిషికి ఈ మాట ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెప్పినవాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. కానీ ఆ సలహా అడుగున ఒక నమ్మకం ఉంది: జబ్బు ఆ మనిషి లోపలే పుట్టింది, కాబట్టి బాగుపడే బాధ్యత కూడా అతనిదే. ఈ నమ్మకం నిజమా కాదా అన్న తగువు నూటపాతికేళ్లుగా నడుస్తోంది. ఇన్నేళ్లలో నింద మాత్రం ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికి మారుతూనే వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ డాక్టర్లలో చాలామంది మతిభ్రమణాన్ని వంశం తప్పుగా చూసేవారు. చెడిన రక్తం తరం తరానికీ ఇంకా చెడుతుందన్నది వాళ్ల లెక్క. 1897లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ ఈ లెక్కను అటు నుంచి ఇటు తిప్పాడు. ఆత్మహత్య కన్నా సొంత వ్యవహారం ఇంకేముంటుంది అనిపిస్తుంది కదా. ఆయన మాత్రం ప్రభుత్వ రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. ఏటా చనిపోయే మనుషులు వేరు, వాళ్ల కారణాలు వేరు. అయినా ఒక్కో దేశంలో ఆ రేటు ఏటికేడాది పెద్దగా మారడం లేదు. పెళ్లయినవాళ్లలో కన్నా కానివాళ్లలో, కాథలిక్కుల్లో కన్నా ప్రొటెస్టెంట్లలో ఎక్కువ. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలినప్పుడే కాదు, ఒక్కసారిగా డబ్బు పెరిగినప్పుడూ ఆ అంకె పైకి పోతోంది. మనిషిని నలుగురితో కలిపి ఉంచే కట్టు వదులైతే ప్రాణం మీద పట్టు కూడా వదులవుతుందని ఆయన వాదన. కాథలిక్కు ప్రాంతాల్లో ఇలాంటి చావుల్ని దాచిపెట్టేవారేమోనని తర్వాతివాళ్లు ఆయన అంకెల్ని అనుమానించారు. అనుమానంలో పస ఉంది. కానీ ఆయన వేసిన ప్రశ్నను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు.

అదే రోజుల్లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే మానసిక వైద్యుడు జబ్బుకు మూలం కోసం చిన్నతనం వైపు చూపించాడు. చిన్నతనం అనగానే తర్వాత వచ్చిన మాట తల్లి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడటం, భ్రమలు పుట్టడం ఉండే జబ్బు) తల్లి పెంపకం వల్ల వస్తుందని, ఆటిజం (పిల్లలు నలుగురితో కలవడానికి, మాట్లాడటానికి ఇబ్బంది పడే స్థితి) ప్రేమ చూపని తల్లుల వల్ల వస్తుందని పేరున్న నిపుణులే చెప్పేవారు. రెండిటికీ రుజువు దొరకలేదు. ఈలోపు బిడ్డ జబ్బుతో పాటు ఆ అపరాధ భావాన్నీ ఎందరో తల్లులు మోశారు. పరిసరాల వల్ల అనే వాదన వంశం అనే వాదన కన్నా దయగలదని మనం అనుకుంటాం. ప్రతిసారీ కాదు.

అయితే తల్లిని నిందించకుండానే తల్లి అవసరాన్ని చూపించిన పరిశోధన కూడా అప్పుడే వచ్చింది. 1940లలో రెనే స్పిట్జ్ అనే డాక్టర్ రెండు చోట్ల పెరుగుతున్న పసిపిల్లల్ని గమనించాడు. ఒకటి అనాథ శిశువుల ఆశ్రమం. శుభ్రత, మంచి తిండి, డాక్టర్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఒక్కో నర్సుకు దాదాపు ఎనిమిది మంది పిల్లలు. ఉయ్యాల మంచాల చుట్టూ దుప్పట్లు వేలాడదీయడంతో పడుకున్న బిడ్డకు పైకప్పు తప్ప ఏమీ కనపడదు. రెండోది జైలు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న తల్లులే తమ బిడ్డల్ని చూసుకునేవారు. మామూలుగా ఎవరైనా ఏ బిడ్డ అదృష్టవంతుడంటారు? రెండేళ్లలో ఆశ్రమం పిల్లల్లో మూడోవంతుకు పైగా చనిపోయారు. జైల్లో ఒక్కరూ పోలేదు. ఆయన పరిశోధన పద్ధతిలో లోపాలున్నాయని తర్వాత విమర్శలు వచ్చాయి గానీ, ఆ రెండు దృశ్యాల్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మర్చిపోలేకపోయారు.

అప్పట్లో బ్రిటన్ ఆసుపత్రుల్లో చేరిన పిల్లల దగ్గరికి తల్లిదండ్రుల్ని చాలా తక్కువసార్లు రానిచ్చేవారు. వస్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నెమ్మదిగా ఉంటారు అన్నది సిబ్బంది మాట. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సోషల్ వర్కర్ ఆ నెమ్మదిని నమ్మలేదు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాపను సినిమా తీసి 1952లో డాక్టర్లకు చూపించాడు. పాప అల్లరి చేయలేదు, లోలోపల ముడుచుకుపోయింది. చూసిన డాక్టర్లలో చాలామందికి కోపం వచ్చింది. అయినా ఏడేళ్లకు, 1959లో, తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని ప్రభుత్వం వేసిన కమిటీయే సిఫార్సు చేసింది.

పెద్దవాళ్ల ప్రవర్తన మీద ప్రయోగాలూ అప్పుడే ఊపందుకున్నాయి. సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల మొదట్లో కొందరిని గదిలో కూర్చోబెట్టి గీతల పొడవులు పోల్చమన్నాడు. గదిలో మిగతా అందరూ కావాలని తప్పు చెబితే, ఆ సందర్భాల్లో మూడోవంతు జవాబులు గుంపుతో పాటే తప్పాయి. 1961లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగంలో ప్రయోగం నడిపే మనిషి చెప్పాడని 40 మందిలో 26 మంది పక్క గదిలోని మనిషికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తున్నామనుకుంటూనే మీట నొక్కారు. నిజానికి షాకేమీ లేదు. ఈ అంకెల్ని అందరూ చెబుతారు. ఇంకో అంకె అంతగా వినపడదు. తోటివాళ్లు ఇద్దరు "మేం చేయం" అని లేచిపోయిన విడతలో చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. ఆష్ గదిలోనూ ఒక్కరు నిజం చెబితే చాలు, గుంపు పట్టు చాలావరకు సడలింది. విద్యార్థుల్లో కొందరిని కాపలాదారులుగా, కొందరిని ఖైదీలుగా పెట్టిన 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని మాత్రం ఈ వరుసలో కలపలేను. కాపలాదారులకు ఎలా ఉండాలో ముందే చెప్పారన్న ఆధారాలు తర్వాత బయటపడ్డాయి.

1952లో పారిస్ డాక్టర్లు మతిభ్రమణానికి క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడటం మొదలుపెట్టారు. తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు మందుతో కుదుటపడటం కళ్లారా చూశాక వాదన మళ్లీ మెదడు వైపు వాలింది. మందులు ఎంతోమందిని నిలబెట్టాయి, అందులో సందేహం లేదు. కానీ మందు పనిచేసిందంటే కారణం రసాయనమే అనుకోవడం తొందరపాటు. 1977లో జార్జ్ ఎంగెల్ అనే అమెరికన్ డాక్టర్ శరీరం, మనసు, సమాజం మూడింటినీ కలిపి చూడాలని రాశాడు. ఇప్పుడు పాఠ్యపుస్తకాలన్నీ ఆ మాటే చెబుతాయి, ఆచరణ సంగతి వేరు.

మరుసటి ఏడాది వెలువడిన పరిశోధన నా దృష్టిలో ఇంకా విలువైనది. లండన్‌లోని క్యాంబర్‌వెల్ అనే పేటలో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే పరిశోధకులు మామూలు ఇళ్లలోని ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని గంటల తరబడి మాట్లాడారు. డిప్రెషన్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అంతకుముందే పెద్ద దెబ్బ తగిలింది: చావు, విడిపోవడం, ఇల్లు పోవడం. అయితే అదే దెబ్బ తిన్న చాలామందికి డిప్రెషన్ రాలేదు. తేడా ఎక్కడ? పదకొండేళ్లలోపే తల్లిని పోగొట్టుకోవడం, ఇంట్లో ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది చిన్నపిల్లలు, బయట ఉద్యోగం లేకపోవడం. అన్నిటికన్నా, మనసు విప్పి చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం. పెద్ద కష్టం వచ్చినా అలాంటి తోడున్నవాళ్లు చాలావరకు తట్టుకున్నారు.

2003లో ఒక జన్యువులో ఒక రకం దొరికిందన్నారు, అది ఉన్నవాళ్లకే కష్టాలు ఎక్కువగా డిప్రెషన్‌గా మారతాయని. అంత సులువుగా తేలితే బాగుండేది. తర్వాత పెద్ద పెద్ద పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

ఆ తర్వాత మూడేళ్లకు జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ చేతిలో డాక్టర్లు లేరు, గదులు లేవు. అందుకని ఆరోగ్య కేంద్రాల బయట బెంచీలు వేయించి, ఆ పేటల్లోని బామ్మలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. డిప్రెషన్ అన్న మాట అక్కడ వాడరు. షోనా భాషలో కుఫుంగిసిసా అంటారు, అతిగా ఆలోచించడం అని. బామ్మ వింటుంది, కష్టాల్లో ముందు ఒకదాన్ని ఎంచుకోమంటుంది, మళ్లీ రమ్మంటుంది. 573 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్ల కన్నా బెంచీ మీద కూర్చున్నవాళ్లు బాగా కోలుకున్నారు.