ఐదు మీద తిరిగే ఫ్యాన్

డిసెంబరు చివర్లో కోనసీమ రాత్రులు చల్లగా ఉంటాయి. మా అమ్మ తొమ్మిదింటికే కిటికీలు మూసేసి, దుప్పట్లు తీసి, ఫ్యాన్ ఆపేసి పడుకుంటుంది. వీధిలో బండి చప్పుడు ఉండదు. ఎక్కడో ఓ కుక్క మొరుగుతుంది, దొడ్లో కొబ్బరి మట్ట ఒకటి రాలుతుంది, అంతే. నాకైతే తల దిండుకి ఆనితే చాలు. హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చిన మా మేనల్లుడికి మాత్రం ఆ నిశ్శబ్దమే గండం. వాడికి పదకొండేళ్లు. రెండేళ్ల కిందట ఏడీహెచ్‌డీ అని తేలింది, అంటే శ్రద్ధ నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే స్థితి. పదిన్నర దాటింది, పదకొండు దాటింది, వాడు పక్క మీద దొర్లుతూనే ఉన్నాడు. ముందు గదిలోని గోడ గడియారం వినిపిస్తోందన్నాడు. కాసేపటికి లేచి కూర్చుని, "మావయ్యా, బుర్ర ఆగట్లేదు. ఫ్యాన్ ఐదు మీద పెట్టవా?" అన్నాడు.

ఇంత చలిలో ఫ్యానేమిట్రా అని అమ్మ గొణిగింది. నేను లేచి పెట్టాను. వాడు మెడ దాకా దుప్పటి లాక్కుని, పావుగంట తిరక్కుండానే నిద్రపోయాడు.

ఒక్క పిల్లాడి ఒక్క రాత్రిని పట్టుకుని శాస్త్రం చెప్పకూడదు. అయినా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల తల్లిదండ్రులతోనో, పెద్దయ్యాక తమకు అది ఉందని తెలుసుకున్నవాళ్లతోనో మాట్లాడితే ఇదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. కూలర్ మోత ఉంటేనే నిద్ర పడుతుంది. రేకుల మీద వాన పడుతుంటే హాయిగా ఉంటుంది. ఇల్లంతా సద్దుమణిగితే మాత్రం బుర్రలో సంత మొదలవుతుంది. చూసేవాళ్లకి ఇది మొండితనంలాగో, చెడ్డ అలవాటులాగో కనిపిస్తుంది. అది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇలాంటి పిల్లల్ని మన ఇళ్లలో "కుదురు లేదు" అంటారు. కుదురు అంటే కుండ కింద పెట్టే చుట్ట. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద ఒరిగిపోతే తప్పు కుండది కాదు, దాని కింద చుట్ట లేదంతే. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు శ్రద్ధ లేకపోవడమంటూ ఉండదు. నచ్చిన బొమ్మ చేతికొస్తే మూడు గంటలు కదలరు. శ్రద్ధను కావలసిన చోట, కావలసినంతసేపు నిలిపి ఉంచే ఏర్పాటు వాళ్ల మెదడులో వేరేగా పనిచేస్తుంది. డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలకు ఇందులో పాత్ర ఉంది. ప్రపంచం మొత్తమ్మీద పిల్లల్లో సుమారు 5 శాతం మందికి, పెద్దల్లో 2.5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. ఈ పిల్లల్లో పావు వంతు నుంచి సగం మంది దాకా నిద్రతో ఇబ్బంది పడతారు. పడుకున్నాక ఎంతకీ నిద్ర పట్టకపోవడం అందులో ప్రధానమైనది.

ముందుగా అందరికీ వర్తించే సంగతి ఒకటి. కళ్లకు రెప్పలున్నాయి, చెవులకు లేవు. నిద్రలో కూడా మెదడు వింటూనే ఉంటుంది. విశాఖ నుంచి హైదరాబాద్‌కి రాత్రి రైల్లో వెళ్లినవాళ్లకు ఇది అనుభవమే. పై బెర్తు మీద, ఇనుము మీద ఇనుము దొర్లే ఆ రొదలో చక్కగా నిద్రపోతాం. అర్ధరాత్రి విజయవాడలో రైలు ఆగగానే మెలకువ వస్తుంది. టీ అమ్మేవాళ్ల కేకలు చెవిన పడకముందే, రొద ఆగిన క్షణానికే వస్తుంది. ఎండాకాలం కరెంటు పోయినప్పుడూ అంతే, ఉక్క తెలిసేలోపే, ఫ్యాన్ రెక్కలు నెమ్మదించడానికే కళ్లు తెరుచుకుంటాయి. శబ్దం ఎంత పెద్దదన్నదాని కంటే ఎంత మారిందన్నదే మెదడుకి ముఖ్యం. 1978లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ బృందం ఈ సంగతిని మెదడు విద్యుత్ సంకేతాల్లోనే పట్టుకుంది. ఒకే రకం శబ్దాల వరుసలో ఒకటి తేడాగా వస్తే, మనిషి వాటిని పట్టించుకోకుండా వేరే పనిలో ఉన్నా, మెదడు ఆ తేడాను నమోదు చేసుకుంటుంది.

ఫ్యాన్ చేసే మేలు ఇక్కడే ఉంది. గదిలో 30 డెసిబెల్స్ నిశ్శబ్దం ఉన్నప్పుడు 60 డెసిబెల్స్ కుక్క అరుపు వినిపిస్తే తేడా 30. ఫ్యాన్ మోతతో గది 45 దగ్గర ఉంటే అదే అరుపుకి తేడా 15. ఐసీయూలో ఉండే శబ్దాల రికార్డు వినిపిస్తూ కొద్దిమందిని నిద్రపుచ్చిన 2005 నాటి ఓ చిన్న ప్రయోగంలో, ఆ శబ్దాలకు వైట్ నాయిస్ అనే ఒకే తీరు రొద కూడా కలిపినప్పుడు మెలకువలు తగ్గాయి. గదిలో మొత్తం చప్పుడు పెరిగింది, నిద్ర చెడడం తగ్గింది.

మరి ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఏమిటి? ఇక్కడ స్వీడన్ దాకా వెళ్లాలి. గొరాన్ సోడర్‌లుండ్, స్వెర్కర్ సిక్‌స్ట్రోమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, మరొకరితో కలిసి, 2007లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. పిల్లలకు చిన్న చిన్న వాక్యాలు చెప్పి, తర్వాత గుర్తు తెచ్చుకోమన్నారు. కొన్నిసార్లు నిశ్శబ్దంగా, కొన్నిసార్లు 80 డెసిబెల్స్ వైట్ నాయిస్ వినిపిస్తూ. మామూలు పిల్లలు ఆ రొదలో తడబడ్డారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు రొదలోనే మెరుగ్గా చెప్పారు. "చప్పుడు చేయకండి, వాడు చదువుకుంటున్నాడు" అంటూ ఇల్లంతా నోరు మూయించే మనకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

దీనికి వాళ్లిచ్చిన వివరణ భౌతిక శాస్త్రం నుంచి వచ్చింది. స్టొకాస్టిక్ రెజొనెన్స్ అంటారు. గుమ్మం ఎత్తు ఒక అడుగు ఉందనుకోండి, నీటి మట్టం ముప్పావు అడుగే ఉంది. నీళ్లు లోపలికి రావు. పైన చిన్న అలలు లేస్తే, ఆ అలల శిఖరాలు గుమ్మం దాటుతాయి. బలహీనమైన సంకేతానికి కాస్త రొద తోడైతే అది గడప దాటి తెలుస్తుంది. రొద మరీ ఎక్కువైతే అన్నీ కలిసిపోయి ఏదీ తెలియదు. 1981లో ఇటలీ శాస్త్రవేత్తలు మంచు యుగాల రాకపోకలను వివరించడానికి ఈ ఊహ తెచ్చారు. 1993లో అమెరికాలో ఫ్రాంక్ మాస్ బృందం దీన్ని క్రేఫిష్ అనే మంచినీటి జీవిలో చూపించింది. రొయ్యకు చుట్టం లాంటిది అది. దాని తోక మీద సన్నటి నూగు ఉంటుంది, నీటి కదలికను బట్టి దగ్గరికొచ్చే చేపను పసిగడుతుంది. ఆ నూగుకి తగుమోతాదులో రొద కలిపితే, బలహీనమైన కదలికను నాడీ కణం మరింత బాగా పట్టుకుంది. ఏడీహెచ్‌డీ మెదడులో డోపమిన్ తీరు వల్ల లోపలి రొద తక్కువగా ఉంటుందని, బయటి రొద ఆ కొరతను పూరిస్తుందని స్వీడన్ వాళ్ల వాదన. వాదన అందంగా ఉంది, ఇంకా రుజువు కావలసినదే.

2024లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోయెల్ నిగ్ బృందం అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ ఒక చోట చేర్చి చూసింది. మొత్తం 13 అధ్యయనాలు, 335 మంది. వైట్, పింక్ నాయిస్ వల్ల ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల ఏకాగ్రత కొద్దిగా మెరుగైంది. లేనివాళ్లది కొద్దిగా చెడింది. మందులాగా పనిచేసేంత మేలు కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు. 2022 నుంచి సోషల్ మీడియాలో అంతా చెప్పుకున్న బ్రౌన్ నాయిస్ మీద మాత్రం ఆ సమీక్షకు ఒక్క అధ్యయనం కూడా దొరకలేదు. వైట్ నాయిస్‌లో అన్ని పౌనఃపున్యాలకూ సమాన శక్తి ఉంటుంది, అందుకే ట్యూన్ కాని రేడియోలా 'స్స్‌స్' మంటుంది. పింక్‌లో మంద్రం, మధ్యమం, తారం ఇలా ప్రతి స్థాయికీ సమాన శక్తి. బ్రౌన్‌లో మంద్రమే ఎక్కువ, దూరంగా జలపాతం వింటున్నట్టు ఉంటుంది. ఆ బ్రౌన్ గోధుమ రంగు కాదు. 1827లో పుప్పొడి నుంచి వచ్చిన సూక్ష్మ రేణువులు నీటిలో చిందులు వేయడం గమనించిన రాబర్ట్ బ్రౌన్ పేరు అది.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ ప్రయోగాలన్నీ మేలుకున్నవాళ్లవి. రొద మెదడును చురుకు చేస్తుందని చెప్పే ప్రయోగాన్ని పట్టుకుని, రాత్రి నిద్రపుచ్చడానికి అదే మోతాదు వాడితే ఎలా? 80 డెసిబెల్స్ అంటే రద్దీ రోడ్డు పక్కన నిలబడడమే. రాత్రిపూట రొద చేసే పని వేరని నా అభిప్రాయం. ఏ పనీ లేనప్పుడు మెదడులో తనలో తాను మాట్లాడుకునే ఒక వ్యవస్థ మేలుకుంటుంది. డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటారు. ఏడీహెచ్‌డీలో దాన్ని అదుపులో పెట్టడం కష్టమవుతుందని చాలా అధ్యయనాలు సూచిస్తున్నాయి. నిశ్శబ్దంలో గడియారం ముల్లు, రేపటి పరీక్ష, మధ్యాహ్నం ఎవరో అన్న మాట, అన్నీ వరసగా తలుపు తడతాయి. ఫ్యాన్ మోత వాటి మీద పరదా వేస్తుంది. వినడానికి ఏదో ఉంటుంది, తెలుసుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ చివరి మాట ముఖ్యం. నిద్రకు పనికొచ్చే చప్పుడులో కబురు ఉండకూడదు. టీవీ పెట్టుకుని పడుకుంటే నిద్ర పడుతుందని కొందరంటారు, కానీ తెలిసిన భాషలో మాట వినిపిస్తే మెదడు దాని వెంట వెళ్తుంది. నిద్రలో కూడా మన పేరుని మిగతా పేర్ల నుంచి వేరుచేసి గుర్తుపడుతుందని 1960లోనే తేలింది. ఫోన్‌లో "పది గంటల వాన" వీడియో పెడితే నడిరాత్రి మధ్యలో యాడ్ వచ్చి ఇల్లంతా లేపుతుంది. కొన్ని యాప్‌లలో ఒకే నిమిషం ముక్క తిరిగి తిరిగి వస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న చెవి ఆ అతుకును పట్టేసి, మళ్లీ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంటుంది. మా మేనల్లుడు నాకు అలాంటి అతుకు ఒకటి వేలితో లెక్కపెట్టి చూపించాడు. నాకు మూడోసారికి గానీ వినిపించలేదు. శ్రుతిపెట్టె మోగుతుంటే పాట మొదలవకముందే మనసు సర్దుకోవడం సంగీతం నేర్చుకున్నవాళ్లకు తెలుసు. అలాంటి ఒకే తీరు మోత కావాలి. 1962లో అమెరికాలో జిమ్ బక్‌వాల్టర్ అమ్మకానికి పెట్టిన నిద్ర యంత్రంలో ఉన్నది కూడా డబ్బాలో పెట్టిన చిన్న ఫ్యానే. మన ఇళ్లలో అది ఎప్పటి నుంచో కప్పుకి వేలాడుతోంది.

మోత ఎంత ఉండాలన్నది తేలిగ్గా తీసుకోవద్దు. పడకగదిలో నిరంతర శబ్దం 30 డెసిబెల్స్ లోపు ఉండడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. మన దేశ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45. పసిపిల్లల కోసం అమ్మే 14 నిద్ర యంత్రాలను 2014లో కెనడా వైద్యులు పరీక్షిస్తే, దగ్గరగా ఫుల్ సౌండ్‌లో పెట్టినప్పుడు మూడు 85 డెసిబెల్స్ దాటాయి. పెద్దవాళ్లు ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు భరించే హద్దు అది. కాబట్టి మోత పుట్టే చోటు మంచానికి దూరంగా ఉండాలి, పక్కన మామూలు గొంతుతో మాట్లాడితే వినపడాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకోవడం వద్దే వద్దు. ఇది అందరికీ సరిపడుతుందనీ కాదు. ఏడీహెచ్‌డీ ఉండి, ఏ చిన్న చప్పుడూ భరించలేనివాళ్లూ ఉన్నారు. నిద్రకు రొద మేలు చేస్తుందా అని 38 అధ్యయనాలు చూసిన 2021 నాటి సమీక్ష, ఆధారాల నాణ్యత బాగా తక్కువని తేల్చింది.

అసలు చిక్కు చాలాసార్లు గడియారంలో ఉంటుంది. గోడ గడియారం కాదు, ఒంట్లోది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను పెరిగి రాత్రయిందని ఒంటికి చెబుతుంది. ఏడీహెచ్‌డీ ఉండి నిద్ర పట్టని పిల్లల్లో, ఏడీహెచ్‌డీ ఉన్నా నిద్ర పట్టే పిల్లల కంటే ఈ పెరుగుదల దాదాపు ముప్పావుగంట ఆలస్యమవుతోందని 2005లో నెదర్లాండ్స్ అధ్యయనం చూపింది. పెద్దల్లో ఆలస్యం ఇంకా ఎక్కువ. తొమ్మిదిన్నరకి పడుకోమని కసిరితే, వాడి ఒంటికి ఇంకా సాయంత్రమే. ఫ్యాన్ ఆ గడియారాన్ని తిప్పలేదు. లేవగానే ఎండలో తిరగడం, రాత్రి ఫోన్ వెలుగు తగ్గించడం, సెలవుల్లో కూడా ఒకే వేళకి లేవడం తిప్పుతాయి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు ఆలస్యంగా వేసుకున్నా నిద్ర వెనక్కిపోతుంది, ఆ వేళ మార్చడం డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. ఫ్యాన్ మోత బయటి చప్పుళ్లనే కాదు, పిల్లాడి గురకను కూడా కప్పేస్తుంది. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరిగి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే పిల్లలు పగలు అచ్చం ఏడీహెచ్‌డీ ఉన్నట్టే చిరాగ్గా, నిలకడ లేకుండా ఉంటారు. కొందరికి రెండూ ఉంటాయి. హైదరాబాద్‌లో కూలర్ పక్కన పడుకునే వాడి ఊపిరి మా చెల్లెలు ఏనాడూ విడిగా వినలేదు.

అందుకని ఆ రాత్రి వాడు గాఢంగా నిద్రపోయాక, నేనూ అమ్మా రెగ్యులేటర్ దగ్గర నిలబడ్డాం. ఒక్కసారిగా ఆపలేదు. ఐదు నుంచి నాలుగు, కాసేపాగి మూడు, రెండు. గదిలో మళ్లీ గడియారం వినిపించింది. అమ్మ మంచం అంచున కూర్చుని వాడి ముక్కు దగ్గర చెవి పెట్టింది. నోరు మూసుకునే ఉంది, ఊపిరి ఒకే తీరుగా వస్తోంది, పోతోంది. పది నిమిషాలు అలాగే విన్నాం. తర్వాత అమ్మే లేచి వెళ్లి, రెగ్యులేటర్‌ని మళ్లీ ఐదు మీదకి తిప్పింది.