అబూ గ్రైబ్ నేరాలకు పై అధికారులు ఎందుకు జవాబు చెప్పలేదు?

2024 నవంబర్ 12న అమెరికాలోని వర్జీనియాలో ఒక ఫెడరల్ కోర్టు జ్యూరీ, అమెరికా సైన్యానికి ఖైదీలను ప్రశ్నించే మనుషులను సమకూర్చిన సీఏసీఐ అనే కాంట్రాక్టు కంపెనీ ముగ్గురు ఇరాకీలకు 4.2 కోట్ల డాలర్లు చెల్లించాలని తేల్చింది. ముగ్గురిలో ఒకరు స్కూల్ ప్రిన్సిపాల్, ఒకరు జర్నలిస్టు, మరొకరు పళ్ల వ్యాపారి. 2003-04లో బాగ్దాద్ దగ్గరి అబూ గ్రైబ్ జైల్లో పడ్డ హింసకు న్యాయం చేయమని వాళ్లు 2008లో కేసు వేశారు. 16 ఏళ్ల తర్వాత కూడా కోర్టు డబ్బు కట్టమన్నది ఒక ప్రైవేటు కంపెనీని. ఆ జైలును నడిపిన అమెరికా సైన్యం గానీ, సైన్యాన్ని నడిపిన రక్షణ శాఖ గానీ, హింసకు చట్టం ముసుగు తొడిగిన ప్రభుత్వ లాయర్లు గానీ ఆ తీర్పు పరిధిలోకి రాలేదు.

కింది వాళ్లు ఖైదీలను హింసిస్తే పైవాళ్లు జవాబు చెప్పాలన్న సూత్రానికి ప్రాణం పోసింది మాత్రం అమెరికానే. 1945 అక్టోబర్ 29న మనీలాలో జపాన్ జనరల్ తొమొయుకి యమషితను అమెరికా సైనిక కమిషన్ ముందు నిలబెట్టారు. 1942లో సింగపూర్‌ను గెలిచిన సేనాని ఈయనే. వేలాది మంది భారతీయ సైనికులు యుద్ధ ఖైదీలైంది అక్కడే. తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఆయన సేనలు పౌరులను ఊచకోత కోశాయి, ఖైదీలను చంపాయి. ఆ పనులు చేయమని ఆయన ఆదేశించాడన్నది కాదు అసలు అభియోగం. చేతి కింద ఉన్నవాళ్లను అదుపులో పెట్టాల్సిన బాధ్యతను వదిలేశాడన్నదే నేరం. తన దళాలతో సంబంధాలు తెగిపోయాయని, ఈ ఘోరాలు తన దాకా రాలేదని ఆయన వాదించాడు. కమిషన్ ఒప్పుకోలేదు. అమెరికా సుప్రీంకోర్టు కూడా కాదనలేదు. 1946 ఫిబ్రవరి 23న ఉరి తీశారు.

ఆ విచారణ న్యాయంగా జరగలేదని సుప్రీంకోర్టులోనే ఇద్దరు జడ్జీలు అసమ్మతి రాశారు. వాళ్లలో ఒకరైన ఫ్రాంక్ మర్ఫీ, ఈ తీర్పుతో రేపటి ఒక అమెరికా అధ్యక్షుడి, ఆయన సైనిక సలహాదారుల తలరాత కూడా ఖరారై ఉండవచ్చని హెచ్చరించాడు. యమషిత మీద పెట్టిన కొలమానం మరీ కఠినమైనదని నేనూ అనుకుంటాను. కానీ ఒకసారి పెట్టాక అది అందరికీ ఒకటే కావాలి.

యుద్ధం తర్వాత జపాన్ నాయకులను విచారించిన టోక్యో ట్రైబ్యునల్ ఇంకో అడుగు ముందుకు వేసింది. జర్మనీ, ఇటలీ చేతికి చిక్కిన అమెరికా, బ్రిటన్ ఖైదీల్లో 4 శాతం చనిపోతే, జపాన్ చెరలో 27 శాతం చనిపోయారని ఆ ట్రైబ్యునల్ లెక్క తేల్చింది. యుద్ధకాలపు విదేశాంగ మంత్రి మమొరు షిగెమిత్సుకు 7 ఏళ్ల జైలు వేసింది. ఖైదీల విషయంలో ఏదో జరుగుతోందని అనుమానించడానికి కారణాలున్నా ఆయన తగిన చర్య తీసుకోలేదని, అవసరమైతే రాజీనామా దాకా వెళ్లి పట్టుబట్టాల్సిందని జడ్జీలు అన్నారు. అంటే యూనిఫాం లేని మంత్రికి కూడా మినహాయింపు లేదన్నమాట.

1949లో, యుద్ధంలో చిక్కినవాళ్లను ఎలా చూడాలో చెప్పే జెనీవా ఒప్పందాలు వచ్చాయి. మూడోది యుద్ధ ఖైదీలకు, నాలుగోది పౌరులకు. తెలిసి గానీ, తెలుసుకోవాల్సి ఉండి గానీ నేరాలను ఆపని కమాండర్ బాధ్యుడేనని 1956 నాటి అమెరికా సైనిక నియమావళి రాసుకుంది. 1998లో బోస్నియాలోని చెలెబిచి ఖైదీల శిబిరం కేసులో ఆ శిబిరం కమాండర్‌కు ఇదే సూత్రం మీద శిక్ష పడింది.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వాషింగ్టన్‌లో కాగితాలు కదలడం మొదలైంది. 2002 ఫిబ్రవరి 7న అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన ఉత్తర్వు, జెనీవా ఒప్పందాలు అల్ ఖైదాకు వర్తించవని, తాలిబన్లను యుద్ధ ఖైదీలుగా చూడనక్కర్లేదని చెప్పింది. ఆగస్టు 1న న్యాయశాఖ లాయర్లు టార్చర్‌కు కొత్త నిర్వచనం ఇచ్చారు. అవయవాలు పనిచేయకుండా పోయేంత, లేదా ప్రాణం పోయేంత స్థాయి నొప్పి ఉంటేనే దాన్ని టార్చర్ అనాలట. దాని మీద సంతకం చేసిన జే బైబీ మరుసటి ఏడే అప్పీళ్ల కోర్టు జడ్జి అయ్యారు. డిసెంబర్ 2న రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, క్యూబాలో అమెరికా నడిపే సైనిక జైలు గ్వాంటనామోలో వాడేందుకు కొన్ని పద్ధతులను ఆమోదించారు. బట్టలు విప్పించడం, తలకు ముసుగు వేయడం, కుక్కలతో భయపెట్టడం, గంటల తరబడి నిలబెట్టడం ఆ జాబితాలో ఉన్నాయి. తాను రోజుకు 8 నుంచి 10 గంటలు నిలబడే ఉంటానని, నిలబెట్టడాన్ని 4 గంటలకే ఎందుకు పరిమితం చేశారని ఆయన ఆ కాగితం మీదే చేత్తో రాశారు. ఆరు వారాలకు ఆ ఆమోదాన్ని వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ పద్ధతులు అప్పటికే అఫ్గానిస్థాన్ మీదుగా పాకిపోయాయి. 2003 ఆగస్టు చివర్లో గ్వాంటనామో కమాండర్ మేజర్ జనరల్ జెఫ్రీ మిల్లర్ ఇరాక్‌కు వచ్చి సలహాలిచ్చారు. సెప్టెంబర్ 14న ఇరాక్‌లోని అమెరికా సేనల అధిపతి రికార్డో సాంచెజ్ జారీ చేసిన ఉత్తర్వులో కుక్కలూ ఉన్నాయి, శరీరాన్ని బాధాకరమైన భంగిమల్లో నిలిపి ఉంచడమూ ఉంది.

అబూ గ్రైబ్ ఫొటోల్లో ప్రపంచం చూసింది దాదాపు ఇవే. నగ్నంగా ఉన్న మనుషులు, ముసుగులు, కుక్కలు. వాళ్లలో చాలామంది సైనికులు కూడా కాదు. ఇరాక్‌లో పట్టుకొచ్చిన వాళ్లలో 70 నుంచి 90 శాతం మందిని పొరపాటున అరెస్టు చేశారని కొందరు సైనిక నిఘా అధికారులే తమకు చెప్పినట్టు 2004 ఫిబ్రవరిలో రెడ్ క్రాస్ నివేదిక రాసింది. 2003 నవంబర్ 4న ఒక ఖైదీ సీఐఏ విచారణలో ఉండగానే చనిపోయాడు. సైనిక డాక్టర్లు దాన్ని హత్యగా తేల్చారు.

జో డార్బీ అనే సైనికుడు 2004 జనవరిలో ఫొటోల సీడీని సైనిక దర్యాప్తు విభాగానికి ఇవ్వకపోతే ఇదంతా బయటికి వచ్చేదే కాదేమో. విచారించిన మేజర్ జనరల్ ఆంటోనియో టగూబా ఏదీ దాచకుండా రాశారు. ఏప్రిల్ 28న సీబీఎస్ చానల్ ఫొటోలు చూపించింది. మే 7న సెనేట్ కమిటీ ముందు రమ్స్‌ఫెల్డ్ పూర్తి బాధ్యత తనదేనన్నారు. రెండుసార్లు రాజీనామా ఇస్తే బుష్ తీసుకోలేదు. ఆయన 2006 చివరి దాకా పదవిలోనే ఉన్నారు.

ఆ బాధ్యత మాటల్లోనే మిగిలింది. కోర్టు మార్షల్‌లో శిక్షలు పడ్డ 11 మందీ కింది స్థాయి సైనికులే. ఒకరికి పదేళ్లు, ఇంకొకరికి ఎనిమిదేళ్లు. జైలు బాధ్యురాలైన బ్రిగేడియర్ జనరల్ జానిస్ కార్పిన్‌స్కీ ఒక ర్యాంకు కోల్పోయారు. నిఘా విభాగం కర్నల్ 8,000 డాలర్ల జరిమానా కట్టి బయటపడ్డారు. విచారణకు నిలబెట్టిన ఒకే ఒక్క ఆఫీసర్‌కు ఖైదీల హింస కింద శిక్షే పడలేదు. సాంచెజ్ తప్పేమీ లేదని సైనిక తనిఖీ విభాగం చెప్పింది. ఆదేశం రాసిన చేతిని వదిలేసి, ఆదేశం పాటించిన చేతికి మాత్రమే బేడీలు వేస్తే అది సగం న్యాయం కూడా కాదు. ఆ సైనికులు నిర్దోషులని నేననను. వాళ్లు చేసింది నేరమే. అయితే కుక్కలను వాడవచ్చన్న ఆలోచన వాళ్లకు గాల్లోంచి రాలేదు.

ఈ మాట అన్నది బయటి విమర్శకులు మాత్రమే కాదు. కొందరు సైనికులు సొంతంగా చేసిన పనిగా దీన్ని కొట్టిపారేయలేమని 2008 డిసెంబర్‌లో సెనేట్ సాయుధ దళాల కమిటీ తేల్చింది. అందులో వియత్నాంలో యుద్ధ ఖైదీగా ఉండి హింస అనుభవించిన జాన్ మెకెయిన్ కూడా ఉన్నారు. రిటైరైన టగూబా అదే ఏడు, యుద్ధ నేరాలు జరిగాయన్నదానిలో ఇక సందేహం లేదని, ఆదేశాలిచ్చిన వాళ్లు జవాబు చెబుతారా అన్నదే మిగిలిన ప్రశ్న అని రాశారు.

జర్మనీలో రమ్స్‌ఫెల్డ్ మీద పెట్టిన ఫిర్యాదులను అక్కడి ప్రాసిక్యూటర్లు 2005లోనూ 2007లోనూ పక్కన పెట్టారు. సీఐఏ చెరలో జరిగిన మరణాలపై అమెరికా న్యాయశాఖ దర్యాప్తు, అబూ గ్రైబ్ హత్యతో సహా, 2012లో ఎవరి మీదా కేసు లేకుండానే ముగిసింది. రమ్స్‌ఫెల్డ్ 2021 జూన్‌లో చనిపోయారు. ఇరాక్ అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సభ్య దేశం కాదు కాబట్టి ఆ దారి మొదటి నుంచీ లేదు. సభ్య దేశమైన అఫ్గానిస్థాన్‌కు సంబంధించి మాత్రం, అమెరికా సైనికులు, సీఐఏ చేసిన హింసను కూడా కలిపి దర్యాప్తు చేయడానికి ఆ కోర్టు 2020 మార్చిలో అనుమతిచ్చింది. ఆ సెప్టెంబర్‌లో ఆ కోర్టు ప్రాసిక్యూటర్ ఫతూ బెన్సూదా మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. మరుసటి ఏడాది ఆంక్షలు ఎత్తేశారు. కానీ 2021 సెప్టెంబర్‌లో కొత్త ప్రాసిక్యూటర్ కరీం ఖాన్, వనరులు తక్కువగా ఉన్నాయి కాబట్టి తాలిబన్, ఐసిస్ నేరాల మీదే దృష్టి పెడతామని, అమెరికన్ల మీద ఉన్న భాగానికి ప్రాధాన్యం తగ్గిస్తున్నామని ప్రకటించారు.