వర్డ్ తనంతట తాను చేసే పనులు: అపోహలు - వాస్తవాలు

మా డీటీపీ సెంటర్‌కి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది ఎమ్మెస్ వర్డ్‌ని తిట్టుకుంటూనే వస్తారు. రోజూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: “అక్షరాలు మారిపోతున్నాయి, వైరస్ ఉన్నట్టుంది.”

వాస్తవం: వైరస్ కాదు. యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకీ వేరే కోడ్‌లు ఇచ్చే పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపించినా, చాలావాటిలో లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే. చిన్న అక్షరానికి ఒక తెలుగు ముక్క, క్యాపిటల్‌కి ఇంకోటి. వర్డ్‌కి ఈ సంగతేం తెలుసు? వాక్యం మొదలైందనుకుని మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసేస్తుంది. అక్కడ మీ తెలుగు ముక్క పోయి వేరేది వచ్చి కూర్చుంటుంది. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ‘క్యాపిటలైజ్ ఫస్ట్ లెటర్ ఆఫ్ సెంటెన్సెస్’ పక్కనున్న టిక్ తీసేయండి. యూనికోడ్ తెలుగులో క్యాపిటల్స్ లేవు కాబట్టి ఈ తలనొప్పి లేదు.

అపోహ: “ఈ గీత చచ్చినా పోదు.”

వాస్తవం: మూడు హైఫన్లు కొట్టి ఎంటర్ నొక్కారు కదా, అది పేరాకి పడిన బోర్డర్. అందుకే డిలీట్‌కి లొంగదు. బోర్డర్స్‌లో నో బోర్డర్ కొట్టండి. పడిన వెంటనే చూసుకుంటే ఒక్క కంట్రోల్ జడ్ చాలు: వర్డ్ చేసింది పోతుంది, మీ హైఫన్లు ఉంటాయి. పిటిషన్‌లో బ్రాకెట్ల మధ్య సి కొడితే వచ్చే కాపీరైట్ గుర్తుకీ ఇదే మందు.

అపోహ: “విషయసూచిక చేత్తో కొట్టుకుంటేనే నమ్మకం.”

వాస్తవం: ఒక రీసెర్చ్ స్కాలర్ థీసిస్ తెచ్చింది. విషయసూచికలో చుక్కలన్నీ ఒక్కొక్కటీ కొట్టినవే. రెండో అధ్యాయంలో ఇంకో రెండు పేరాలు చేర్చమన్నారట గైడ్. అక్కడి నుంచి పేజీ నంబర్లన్నీ తప్పు. రాత్రి తొమ్మిదిదాకా దిద్దుతూ కూర్చుంది పాపం. మర్నాడు శీర్షికలకి హెడింగ్ 1, హెడింగ్ 2 స్టైల్స్ పెట్టి, రిఫరెన్సెస్‌లో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నొక్కాను. “అయ్యో, ఇంతేనా అన్నా!” అంది. హెడింగ్ నీలంగా వస్తుందని చాలామంది స్టైల్స్ జోలికే పోరు. స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి మాడిఫైలో రంగు, ఫాంట్ ఒక్కసారి మారిస్తే ఫైల్లో ఆ స్టైల్ ఉన్న శీర్షికలన్నీ మారతాయి.

అపోహ: “ఆటోమేటిక్ కదా, నంబర్లు అవే మారతాయి.”

వాస్తవం: మారవు. విషయసూచికలో కర్సర్ పెట్టి ఎఫ్9 నొక్కి, అప్‌డేట్ ఎంటైర్ టేబుల్ ఎంచుకోవాలి. ప్రింట్‌కి ముందే సుమా. బైండింగ్ అయ్యాక వస్తే నా దగ్గర ఉండేది వైట్‌నరే.