స్పెయిన్ వలస వ్యాపార చరిత్ర: అపోహలు - వాస్తవాలు

స్పెయిన్‌కు, దాని అమెరికా వలసలకు మధ్య సాగిన వ్యాపారం మీద పరిశోధన చేస్తానంటే అందరూ అడిగేది బంగారం ఓడల గురించే. నాకు రోజూ ఎదురయ్యేవి మాత్రం పన్నుల కాగితాలు.

అపోహ: ఓడల రిజిస్టర్లు ఉన్నాయిగా, కూడికలు వేస్తే చరిత్ర తేలిపోతుంది.

వాస్తవం: రిజిస్టర్ రాసింది చరిత్ర కోసం కాదు, సుంకం కోసం. 1720 నిబంధనలు వచ్చాక దక్షిణ స్పెయిన్‌లోని కాదిజ్ రేవులో సరుకు మూటల్ని జానల లెక్కన కొలిచి, ఘనపరిమాణం మీద సుంకం వేసేవారు. మూట విప్పరు. లోపల ఖరీదైన లేసు ఉన్నా, ముతక నార గుడ్డ ఉన్నా ఒకటే రేటు. కాబట్టి ఎంత చోటు పట్టిందో తెలుస్తుంది, ఎంత విలువో తెలీదు. సెవిల్ ప్రొఫెసర్ ఆంటోనియో గార్సియా-బాకెరో 1717-1778 నాటి కాదిజ్ వ్యాపారం మీద 1976లో రెండు సంపుటాలు తెచ్చారంటే, ఇలాంటి కాగితాలతో కుస్తీ పట్టే.

వలసల నుంచి వచ్చే వెండి సంగతి ఇంకా తమాషా. అమెరికన్ ఆర్థికవేత్త ఎర్ల్ హామిల్టన్ 1934లో అధికారిక లెక్కలు తీస్తే, 17వ శతాబ్దం మధ్యకల్లా వెండి రాక బాగా పడిపోయినట్టు కనిపించింది. 1985లో ఫ్రెంచ్ చరిత్రకారుడు మిషెల్ మొరినో 17వ శతాబ్దం నాటి డచ్ పత్రికల్లో ఓడల రాక వార్తలు తిరగేసి, ఆ శతాబ్దం రెండో సగంలో వెండి మళ్ళీ జోరుగా వచ్చిందని చూపించారు. లెక్కలో రాయించకపోతే పన్ను ఉండదు మరి!

అపోహ: ఇప్పుడంతా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

వాస్తవం: కొంతే. 1785లో మొదలైన, వలసల కాగితాలు దాచిన సెవిల్ నగరంలోని ఇండీస్ ఆర్కైవ్స్‌లో దాదాపు 43,000 కట్టలు, 8 కోట్ల పేజీలు ఉన్నాయి. స్కాన్ అయినవి కొన్నే. పైగా అప్పుపత్రాలు, భాగస్వామ్య ఒప్పందాలు కావాలంటే నోటరీల దస్తావేజులున్న వేరే ఆర్కైవ్స్‌కు పోవాలి.

అపోహ: డాక్టరేట్ చేతికొస్తే యూనివర్సిటీ ఉద్యోగం వచ్చేసినట్టే.

వాస్తవం: స్పెయిన్‌లో సాధారణంగా ముందు వచ్చేది ఆరేళ్ళ కాంట్రాక్టు. పర్మనెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత ముద్ర వేయించుకోవాలి, ఆపైన పోటీ నెగ్గాలి. అది దాటినా ప్రతి ఆరేళ్ళకీ ఐదు రచనలు చూపించి పరిశోధన మదింపుకు పెట్టుకోవాలి, జీతంలో చిన్న పెంపు దానితో ముడిపడి ఉంటుంది. ఈ టెన్షన్‌లో ఒకే కట్టను మూడు వ్యాసాలుగా ముక్కలు చేసేవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ 1976 నాటి ఆ రెండు సంపుటాల్లాంటివి ఇవాళ కొత్తవాళ్ళెవరైనా రాయాలనుకుంటే, ముందు ఉద్యోగం పర్మనెంట్ చేసుకోమనే చెప్తాను.