సెల్లే పలక అయిన ఏడాది

పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఆపేయాలా వద్దా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చిన చట్టం లాంటిదాన్ని మన రాష్ట్రంలోనూ పరిశీలిస్తున్నామని మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో చెప్పారు. అప్పటి నుంచి కర్నూలులో పేరెంట్స్ మీటింగ్ జరిగినా, ఆదోనిలో టీ కొట్టు దగ్గర నలుగురు చేరినా తీర్పు మాత్రం ఒకటే వినిపిస్తోంది. సెల్లు చేతికిచ్చింది తల్లిదండ్రులే కాబట్టి అనుభవించాల్సిందీ వాళ్లేనట.

ఈ నింద చాలావరకు అన్యాయం. ఎందుకో తెలియాలంటే 2020కి వెళ్లాలి.

అంతకు ముందు సెల్ టవర్ల రేడియేషన్ మీద నడిచిన గొడవ, వాటి వల్లే పిచ్చుకలు పోయాయన్న కథ అందరికీ తెలిసినవే. రేడియేషన్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేటికీ చర్చ దారి తప్పేది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మేలో సెల్‌ఫోన్ తరంగాలను ‘2బి’ జాబితాలో, అంటే క్యాన్సర్‌కు కారణం కావచ్చేమో అన్న అనుమానిత జాబితాలో పెట్టింది. మన ప్రభుత్వం 2012 సెప్టెంబర్ 1 నుంచి హ్యాండ్‌సెట్ల రేడియేషన్ పరిమితిని శరీర కణజాలం కిలోకు 1.6 వాట్లకు తగ్గించింది. ఆ తర్వాత భారత్‌తో కలిపి 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్ల వాళ్ల మీద జరిగిన ‘మోబి కిడ్స్’ అధ్యయనంలో సెల్‌ఫోన్‌కూ మెదడు కణితికీ సంబంధం కనిపించలేదు. పిల్లలకు అసలు నష్టం జరుగుతున్నది కళ్లకు, నిద్రకు, ఆటకు, మాటకు. మనం టవర్ వైపు వేలు చూపిస్తున్న ఆ పదేళ్లలో ఫోన్ నేరుగా ఇంట్లోకి వచ్చేసింది.

కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు మండలాల్లో ఏటా పంట పనులు ముగిశాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి ఆలూమగలు ఇద్దరూ వెళతారు. పిల్లలను అవ్వ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో వదిలి పోతారు, లేదంటే బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడేసరికి వేల మంది గుంటూరు చేలల్లోనే చిక్కుకుపోయారు. ఇక్కడ బడికి తాళం పడింది, హాస్టల్ మూతపడింది. తల్లిదండ్రుల గొంతు వినాలంటే పిల్లలకు సెల్లు తప్ప దారి లేదు.

పాఠమూ ఆ సెల్లులోకే వచ్చింది. దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో పాఠాలు వేశారు. టీవీ లేని ఇళ్ల మాట పక్కన పెట్టినా, టీవీ ఉన్న ఇళ్లలో కరెంటు ఉండాలి కదా. ప్రైవేటు స్కూళ్లు వాట్సాప్ గ్రూపులు, జూమ్ క్లాసులు పెట్టాయి. ‘స్మార్ట్‌ఫోన్ ఉంటే క్లాసు, లేకపోతే లేదు’ అన్నట్టు తయారైంది. రెండు పూటలా కూలికి పోయే తల్లి కూడా వడ్డీకి తెచ్చి ఫోన్ కొన్నది అప్పుడే. పలక కొనడం ఎలాగో అదీ అలాగే అనుకుంది. నా బిడ్డ వెనకబడకూడదన్న ఒకే ఒక్క టెన్షన్‌తో కొన్న ఆ ఫోన్‌ను ఇప్పుడు తప్పుగా చూపిస్తున్నాం.

అలాంటి ఫోన్ ఒకటి కోసిగి మండలంలో ఒక అవ్వ ఇంట్లో చూశాను. అద్దం పగిలి, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. సిగ్నల్ అందే చోటు కిటికీ ఒక్కటే కాబట్టి అక్కడే పెడతారు. రాత్రి పని ముగిశాక చేలో గుడారం దగ్గర నుంచి కొడుకు, కోడలు వీడియో కాల్ చేస్తారు. ఆ కాల్ కోసమే రీఛార్జ్. అయితే అవ్వకు కావలసింది మాట్లాడటం మాత్రమే అయినా, అలవాటుగా వేయించే ప్యాక్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా కూడా వస్తుంది. రాత్రి 12 దాటితే ఆ రోజు డేటా పోయినట్టే. ‘డబ్బులు పెట్టింది ఊరికే పోనిస్తామా’ అన్న లెక్కలో మిగిలినదంతా మనవడి చేతికి వెళుతుంది. మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ విడిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది 2024 డిసెంబర్‌లో. అప్పటికే 2020 నాటి ఒకటో తరగతి పిల్లలు ఐదో తరగతికి వచ్చేశారు.

ఫోనే బడి అన్న ఊహ మాత్రం కరోనాతో పుట్టలేదు. 2008 ప్రాంతంలో ఐడియా కంపెనీ ప్రకటన ఒకటి టీవీల్లో తెగ వచ్చింది. అందులో అభిషేక్ బచ్చన్ చొరవతో, బడిలో సీటు దొరకని పల్లె పిల్లలు టీచర్ పాఠాన్ని ఫోన్‌లో వింటారు. చూసినవాళ్లందరికీ నచ్చింది. బ్రిటన్‌లో సర్ విలియం స్టీవర్ట్ కమిటీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2000లోనే, పిల్లలు సెల్‌ఫోన్ వాడేలా కంపెనీలు ప్రచారం చేయడం మానుకోవాలని సిఫారసు చేసింది. 14 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన సెల్‌ఫోన్ ప్రకటనలను 2010లో ఫ్రాన్స్ చట్టం చేసి నిషేధించింది. బెల్జియం 2014లో ఏడేళ్ల లోపు పిల్లల కోసం చేసిన ఫోన్ల అమ్మకాన్నే ఆపేసింది. ఆ దేశాలు భయపడింది రేడియేషన్‌కే కావచ్చు, అయినా పిల్లలను కస్టమర్లుగా చూడకూడదన్న గీత గీశాయి. మన దగ్గర ఆ గీత లేదు. 2016 సెప్టెంబర్‌లో జియో ఉచిత డేటాతో వచ్చాక గీయడానికి చోటు కూడా మిగల్లేదు.

2022 డిసెంబర్ 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పుట్టినరోజున ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు దాదాపు 5 లక్షల ట్యాబ్‌లు, బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలతో సహా పంచడం మొదలైంది. జాతీయ బాలల హక్కుల కమిషన్ బైజూస్ సీఈవోను సరిగ్గా ఆ వారంలోనే, డిసెంబర్ 23న, హాజరుకమ్మని పిలిచింది. పిల్లల, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు కొని వెంటపడి కోర్సులు అంటగడుతున్నారన్నది ఆరోపణ. నంబర్లు కొన్నామన్న మాట అబద్ధమని కంపెనీ చెప్పింది. కొత్త ఏడాది రాగానే, తమ సేల్స్ వాళ్లు ఇళ్లకు వెళ్లరని ప్రకటించింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ట్యాబ్‌లకు లాక్ ఉందని, పాఠాలు తప్ప వేరేవి రావని అధికారులు చెప్పారు. ఆ లాక్‌లు తీసేస్తున్నారన్న వార్తలు వచ్చాయి. 2023 ఆగస్టులో ప్రభుత్వమే బడుల్లో సెల్‌ఫోన్లు నిషేధించింది. ఎనిమిది నెలల ముందు తెర ఇచ్చిన చేత్తోనే తెర వద్దని రాసిన ఆ ఉత్తర్వు చూసి తల్లి ఏం అర్థం చేసుకోవాలి?

ఇప్పుడు కంపెనీలు పేరెంటల్ కంట్రోల్స్, అంటే పిల్లలు ఏం చూడాలో, ఎంతసేపు చూడాలో పెద్దలు పెట్టే హద్దులు, వాడుకోమంటున్నాయి. సెట్టింగ్స్ ఇంగ్లిష్‌లో చదివి నొక్కగలిగిన అమ్మానాన్నలకు అది పనికొస్తుంది. ఈ జిల్లాలో అక్షరాస్యత బాగా తక్కువున్న మండలాల్లో కోసిగి ఒకటి.

డాక్టర్లు చెబుతున్నది చిన్న విషయమే. రెండేళ్లలోపు తెర అసలు వద్దని, ఐదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. గంటల తరబడి దగ్గరగా చూస్తే కంటి కండరం సడలదు, రెప్ప వేయడం తగ్గి కళ్లు మండుతాయి, బయట వెలుతురులో ఆడటం తగ్గితే దూరపు చూపు దెబ్బతింటుంది. ‘బోర్డు మీద అక్షరాలు ఆనడం లేదు సార్’ అనే పిల్లలు ఇప్పుడు ప్రతి క్లాసులోనూ ఉన్నారు. కంటి వెలుగు పథకం 2019 అక్టోబర్ 10న మొదలైంది పక్కనున్న అనంతపురంలోనే, మొదటి విడత పరీక్షలు బడి పిల్లలకే. లాక్‌డౌన్‌కు అయిదు నెలల ముందు నాటి చూపు లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. ఇప్పుడు మళ్లీ పరీక్షించి ఆ లెక్క పక్కన పెట్టి చూస్తే, ఏం పోగొట్టుకున్నామో జిల్లాల వారీగా తేలుతుంది. నిషేధం గురించి మాట్లాడేవాళ్లు ముందు అడగాల్సింది అదే.

వయసు నిషేధం వచ్చిందే అనుకుందాం. అవ్వ ఇంట్లో ఫోన్ కొడుకు పేరు మీద ఉంటుంది, సిమ్ కూడా అతనిదే. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని, పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని 2023 డేటా రక్షణ చట్టం అంటోంది. కానీ ఆ ఫోన్‌లో ఉన్నది పదేళ్ల పిల్లవాడని యాప్‌కు తెలియదు, దాని లెక్కలో అతను గుంటూరులో మిరప కోస్తున్న ముప్పై ఐదేళ్ల మనిషి.

వాట్సాప్ తన నిబంధనల్లో కనీస వయసు 13 అని రాసుకుంది. మూడో తరగతి హోంవర్క్ నేటికీ చాలా స్కూళ్ల నుంచి వాట్సాప్‌లోనే వస్తోంది. రాత్రి ఏడింటికి ఫొటో వస్తే దాన్ని చూసి రాసుకోవడానికి పిల్లవాడికి ఫోన్ ఇవ్వక తప్పదు. సోషల్ మీడియా బిల్లుకు నెలలు పట్టవచ్చు. హోంవర్క్ డైరీలోనే రాయించాలని జిల్లా విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇవ్వడానికి ఒక్క రోజు చాలు.