అక్క రిపోర్ట్ చూసి ఏడ్చిన చింటూకి, ఏడవని బుజ్జికి

చింటూ, బుజ్జీ,

మొన్న రాత్రి మీరిద్దరూ అక్క లూపస్ (ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూన్ సిస్టమ్ మన ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఫైల్ తీసి ఒక్కో పేజీ ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నారంట, మీ అమ్మ చెప్పింది. చింటూగాడేమో ఏఎన్ఏ పాజిటివ్ అని చదివి ఏడ్చేశాడంట, బుజ్జేమో సీ3 తక్కువుంది కదా, షుగర్ లాగా తక్కువుంటే మంచిదే కదా అన్నదంట. ఇద్దరూ తప్పే. ఫోన్ చేసి చెప్తే మధ్యలో గేమ్ పెట్టుకుంటారు, అందుకే ఇంత పొడుగు టైప్ చేస్తున్నా, 28 ఏళ్ళు ల్యాబ్‌లో పనిచేసిన తాతయ్య మాట ఒక్కసారి ఓపిగ్గా చదవండి.

మన ఒంట్లో రోజూ కోట్ల కణాలు చచ్చిపోతుంటాయి, చెత్త ఎత్తే కణాలు కొన్ని ఉంటాయి, అవి వచ్చి ఎప్పటికప్పుడు తీసేస్తాయి. మన గల్లీకి స్వచ్ఛ ఆటో నాలుగు రోజులు రాలేదనుకోండి, కవర్లు చిరిగి లోపలుండాల్సినవన్నీ రోడ్డు మీద పడతాయి కదా. లూపస్‌లో కూడా అంతే, ఆ ఎత్తడం సరిగ్గా జరగక కణం మధ్యలో కేంద్రకంలో దాక్కుని ఉండాల్సిన డీఎన్ఏ బయట పడుతుంది, ఇమ్యూన్ సిస్టమ్ దాన్ని చూసి ఇదెవరో బయటోళ్ళు అనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఇదొక్కటే కారణం కాదు, జీన్స్ ఉన్నాయి, హార్మోన్లు ఉన్నాయి (పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే), ఎండ ఉంది. ఎండకి చర్మంలో కణాలు ఎక్కువ చస్తాయి, చెత్త ఎక్కువవుతుంది, అందుకే అక్కని డాబా మీదకి వడియాలు పెట్టడానికి పంపొద్దని నేను అంత గోల చేసింది. అన్నట్టు ఇది అంటుకునేది కాదు, అక్క కంచంలో ముద్ద నిక్షేపంగా తినొచ్చు.

ఇప్పుడు ఏఎన్ఏ, అంటే మన కణాల కేంద్రకాన్నే పట్టుకునే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూసేది. ఇది నా చేతుల మీదుగా వేలసార్లు జరిగిన టెస్ట్. ఒక గాజు స్లైడ్ మీద గుండ్రటి గుంటలుంటాయి, వాటిల్లో మనిషి కణాలు ముందే అతికించి ఉంటాయి, హెప్-2 కణాలంటారు. పేషెంట్ సీరం (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే నీళ్ళలాంటిది) ఒక చుక్క వేస్తాం, కాసేపాగి కడిగేస్తాం. యాంటీబాడీ ఉంటే కేంద్రకానికి పట్టుకుని ఉండిపోతుంది, లేకపోతే నీళ్ళతో పాటు పోతుంది. తర్వాత మెరిసే రంగు కలిపిన ఇంకో యాంటీబాడీ వేసి మళ్ళీ కడిగి, లైట్లన్నీ ఆపేసిన గదిలో మైక్రోస్కోప్ కింద పెడితే నల్లటి చీకట్లో ఆకుపచ్చగా మిణుగురు పురుగుల్లా వెలుగుతాయి. కొన్ని నిండుగా ఒకే తీరుగా, కొన్ని చుక్కలు చుక్కలుగా. చూడ్డానికి ఎంత బాగుంటుందో, ఆ స్లైడ్ ఎవరిదో గుర్తొస్తే అంత బాధగా ఉండేది.

పక్కన 1:640 అని ఉంది కదా, అది భాగహారం కాదు. అమ్మమ్మ చారుకి తీసే చింతపండు రసం ఉంది కదా, దాన్ని సగానికి పలచన చేసి నాలిక మీద వేసుకోండి, పులుపే. మళ్ళీ సగానికి చెయ్యండి, ఇంకా పులుపే. ఎన్నిసార్లు నీళ్ళు పోసినా పులుపు తెలుస్తోందంటే మొదటి రసం అంత చిక్కగా ఉందన్నమాట. 80, 160, 320, 640, అలా రెట్టింపు చేసుకుంటూ పోతాం, 640 వంతులకి పలచన చేసినా అక్క స్లైడ్ వెలిగింది.

కానీ చింటూ, వెలిగినంత మాత్రాన లూపస్ కాదురా. 1997లో వచ్చిన ఒక స్టడీలో ఏ జబ్బూ లేని వాళ్ళలో కూడా 1:40 దగ్గర దాదాపు నూటికి 32 మందికి, 1:80 దగ్గర 13 మందికి, 1:160 దగ్గర 5 మందికి పాజిటివ్ వచ్చింది. మన ఎదురింటి ఆంటీకి థైరాయిడ్, ఆవిడకీ ఏఎన్ఏ పాజిటివే, ఆ కాగితం పట్టుకుని ఏడాదంతా పరేషాన్ అయింది పాపం. తిరగేస్తే మాత్రం ఇది చాలా పనికొచ్చే టెస్ట్, లూపస్ ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ పాజిటివ్ వస్తుంది కాబట్టి లూపస్‌గా లెక్కేసే 2019 అంతర్జాతీయ రూల్స్‌లో కనీసం 1:80 ఉంటేనే మిగతా లెక్క మొదలుపెడతారు. ఒకసారి వచ్చాక దీన్ని నెల నెలా చేయించడం డబ్బు దండగ, అది జబ్బుతో పాటు పెరిగి తగ్గేది కాదు.

యాంటీ-స్మిత్ అని ఇంకో యాంటీబాడీ ఉంది, 1966లో కనిపెట్టారు, స్మిత్ అనే ఇంటిపేరున్న పేషెంట్ రక్తంలో దొరికింది కాబట్టి ఆ పేరు. లూపస్‌లో తక్కువమందికే కనిపిస్తుంది, కనిపిస్తే మాత్రం ఇక అనుమానం పెద్దగా ఉండదు. అక్కకి నెగటివ్.

బుజ్జీ, నీ ప్రశ్నకి వస్తున్నా. సీ3, సీ4 అనేవి ఎక్కువగా లివర్ తయారుచేసే ప్రోటీన్లు, యాంటీబాడీలు దేన్నైనా పట్టుకుని ముద్దలు కట్టినప్పుడు వెళ్ళి వాటికి అంటుకుంటాయి. పెళ్ళింట్లో బియ్యం బస్తా పొద్దున నిండుగా ఉండి మధ్యాహ్నానికి అడుగంటిందంటే బియ్యం తేలేదని కాదు కదా, పంతి మీద పంతి లేస్తోందని. సీ3 తగ్గిందంటే లోపల అలా ఖర్చయిపోతోందని. ఆ ముద్దలు పోయి కిడ్నీలో వడపోత జల్లెడకి అడ్డం పడతాయి, అప్పుడు మూత్రంలో ప్రోటీన్ పోతుంది, నురగ వస్తుంది. అందుకే యాంటీ-డీఎస్‌డీఎన్ఏ (ఇందాక చెప్పిన డీఎన్ఏనే పట్టుకునే యాంటీబాడీ) పెరుగుతూ సీ3 సీ4 పడిపోతుంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు. జూన్‌లో అక్క సీ3 58, ఉండాల్సింది దాదాపు 90 పైన. ఇప్పుడు 84కి వచ్చింది. కొందరికి ఈ అంకెలు ఎప్పుడూ తేడాగానే ఉండి మనిషి బానే ఉంటారు, అందుకని పక్కింటివాళ్ళ రిపోర్టుతో పోల్చొద్దు, అక్క పాత రిపోర్టుతోనే పోల్చాలి, అదీ ఒకే ల్యాబ్‌లో, ఎందుకంటే డీఎస్‌డీఎన్ఏ కిట్లు ఒక్కోచోట ఒక్కో లెక్క చూపిస్తాయి.

సీసాలో యూరిన్ తీసుకెళ్తుంటే మీరు నవ్వారు చూడండి, ఈ ఫైల్ మొత్తంలో నేను ముందు తిప్పే పేజీ ఆ యూరిన్ రిపోర్టే.

ఒకటి చెప్పాలి, దాచుకోవడం ఎందుకు. అక్క బుగ్గల మీద ఎర్రగా సీతాకోకచిలుకలా వచ్చినప్పుడు ఒక క్లినిక్‌లో ఎలర్జీ అని క్రీమ్ ఇచ్చి పంపారు, మూడు నెలలు పూశాం. వేళ్ళ నొప్పులంటే ఫోన్ ఎక్కువ చూస్తావని తిట్టాం. ఒక్కరూ యూరిన్ టెస్ట్ అనలేదు, ఆ ఒక్కరూ అనాల్సింది నేనే కదా, 28 ఏళ్ళ సర్వీసు పెట్టుకుని హైదరాబాద్ ఎండలే అంత అని ఊరుకున్నా.

ఇంకా ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఒంట్లో వాపు ఉందా అని చూపించే రక్త పరీక్షలు. లూపస్ ముదిరినప్పుడు ఈఎస్ఆర్ పెరుగుతుంది, సీఆర్‌పీ చాలాసార్లు అంతగా పెరగదు. జ్వరం వచ్చి సీఆర్‌పీ బాగా ఎగిరిందంటే ముందు ఇన్ఫెక్షన్ ఏదైనా ఉందా అని వెతుకుతారు (కీళ్ళో, ఊపిరితిత్తుల పొరో వాస్తే లూపస్ వల్లే పెరగొచ్చు, అది వేరే). సీబీపీలో (రక్తకణాల లెక్క) తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గాయా అని కూడా చూస్తారు.

అక్క రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ అసలు మలేరియా మందు. దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న, బేగంపేటలో ఆ బిల్డింగ్ ఉంది, ఒక ఆదివారం తీసుకెళ్తా. ఆ మందు వేసుకునేవాళ్ళు మొదట్లో ఒకసారి, అయిదేళ్ళ తర్వాత నుంచి ఏటా కళ్ళు చూపించుకోవాలి, అక్కకి మొదటిది అయింది.

సోమవారం పొద్దున మళ్ళీ శాంపిల్. బుజ్జీ, నీ పాత రఫ్ నోట్‌బుక్‌లో చివరి పేజీ గీతలు కొట్టి ఉంచు, తేదీ, సీ3, సీ4, డీఎస్‌డీఎన్ఏ, యూరిన్ ప్రోటీన్. చింటూ, నువ్వు గొడుగు పట్టుకుని అక్కతో వెళ్ళు, సీసా నువ్వే మోయాలి.

తాతయ్య