టైమింగ్ చైన్: పాత బండి ఓనర్ల నమ్మకాలు, ఇంజన్ విప్పితే తేలే నిజాలు

"అన్నా, ఇంజన్‌ల గలగలమంటుంది, టైమింగ్ చైన్ వేసెయ్." ముషీరాబాద్‌లోని మా షెడ్డుకు పాత స్ప్లెండర్ మీద వచ్చేవాళ్లు బండి దిగుతూనే అనే మాట ఇది. టైమింగ్ చైన్ అంటే ఇంజన్ కింద తిరిగే క్రాంక్ నుంచి, పైన వాల్వులు తెరిచే క్యామ్‌ను తిప్పే చైన్. రోగం, మందు రెండూ వాళ్లే చెప్పేస్తారు. నేను మాత్రం వెంటనే పానా పట్టను. ఇంజన్ పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేసి, ముందు వింటాను.

అపోహ: ఇంజన్‌లో చప్పుడొస్తే టైమింగ్ చైన్ పోయినట్టే.

వాస్తవం: హెడ్ (ఇంజన్ పై భాగం) దగ్గర సన్నగా, ఒకే తాళంలో టిక్ టిక్ అంటే చాలాసార్లు అది వాల్వును నొక్కే ట్యాపెట్. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) పెట్టి గ్యాప్ సరిచేస్తే ఆగిపోతుంది. చైన్ చప్పుడు వేరు. స్ప్లెండర్‌లో చైన్ ఎడమ పక్కన, మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు తిరుగుతుంది. గరగర ఆ పక్క నుంచే వస్తుంది, యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో గలగలగా మారుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను సిలిండర్ ఎడమ పక్కకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకోండి. ఒకసారి విన్నాక మళ్లీ పొరపాటు పడరు.

అపోహ: ప్రతి బండికీ టైమింగ్ చైన్ ఉంటుంది.

వాస్తవం: ఆర్ఎక్స్ 100 టూ స్ట్రోక్. వాల్వులే లేవు, ఇక టైమింగ్ చైన్ ఎక్కడిది? పాత బుల్లెట్‌లో ఆ పని పళ్ల చక్రాలు, పుష్ రాడ్లు చేస్తాయి. అందులో ఉన్నది క్లచ్‌ను తిప్పే ప్రైమరీ చైన్. 1985లో వచ్చిన సీడీ 100, 1994 నాటి స్ప్లెండర్, తర్వాత సీబీజెడ్, పల్సర్‌లాంటి వాటికే ఈ మాటలు వర్తిస్తాయి.

అపోహ: చైన్ రబ్బరులా సాగుతుంది.

వాస్తవం: ఇనుప పట్టీలు సాగవు. పిన్నులు, బుష్‌లు అరుగుతాయి. ఒక్కో లింకులో కంటికి కనిపించని అరుగుదల అన్నీ కలిసి పొడవు పెంచుతుంది. స్ప్లెండర్‌లాంటి బండ్లలో వచ్చే 6.35 మి.మీ. పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) చైన్‌ను బిగువుగా లాగి పట్టి 20 లింకులు కొలిస్తే కొత్తది 127 మి.మీ. ఉండాలి. ఒక శాతం, అంటే దాదాపు 1.3 మి.మీ. పెరిగిందంటే నేను మళ్లీ వాడను. కొలిచే వెర్నియర్ పరికరం లేకపోతే చైన్‌ను పక్కకు తిప్పి, ఒక కొసన అడ్డంగా పట్టుకోండి. కొత్తది దాదాపు తిన్నగా నిలబడుతుంది. అరిగింది విల్లులా వంగిపోతుంది.

చైన్ బయటికి తీయకుండానే కూడా కొంత తెలుస్తుంది. స్ప్లెండర్ హెడ్ ఎడమ కవర్ విప్పి, మ్యాగ్నెట్‌ను ఇంజన్ తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పి 'టి' గుర్తును గీతకు కలపండి. పై స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) మీది గుర్తు హెడ్ మీది గాటుకు ఎదురుగా రావాలి. కాస్త వెనకబడితే అరుగుదల. స్ప్రాకెట్‌కు 28 పళ్లుంటే, ఒక్క పన్ను జారినా క్యామ్ దాదాపు 13 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో దాదాపు 26 డిగ్రీలు తప్పుతుంది. పికప్ పోయిందని కార్బురేటర్ విప్పించుకునే ముందు ఈ గుర్తు చూడండి.

అపోహ: కొత్త చైన్ వేస్తే పనైపోయినట్టే.

వాస్తవం: అందరికీ గట్టిగా చెప్పాలనుకునేది ఇదే. ఘట్‌కేసర్ నుంచి పాలు తెచ్చే తమ్ముడి స్ప్లెండర్‌కు అప్పటికే ఒకచోట కొత్త చైన్ వేశారు, చప్పుడు మాత్రం పోలేదు. విప్పి చూస్తే చైన్ కొలత సరిగ్గానే ఉంది. చైన్‌కు ఆసరాగా ఉండే రబ్బరు రోలర్ గాజులా గట్టిపడి, దాని చుట్టూ చైన్ కోసిన గాడి నా బొటనవేలి గోరు మునిగేంత లోతుంది. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ రాడ్ కొసన ఉండే రబ్బరు ఒక పక్కకు అరిగింది, కింది స్ప్రింగ్ నీరసపడింది. రోలర్, రాడ్, స్ప్రింగ్ మార్చాను. చైన్ అదే. చప్పుడు ఆగింది. ఇవేవీ చూడకుండా చైన్ కొంటే డబ్బు దండగ. స్ప్రాకెట్ పళ్లు కొక్కెంలా వంగితే అవీ మార్చాల్సిందే, లేకపోతే కొత్త చైన్‌ను అవే తినేస్తాయి.

చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు కాసేపు అణుగుతుందేమో, అరుగుదల వెనక్కి పోదు.

అపోహ: చైన్ మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి.

వాస్తవం: స్ప్లెండర్‌లో బోరు (సిలిండర్) కదపక్కర్లేదు. మ్యాగ్నెట్‌ను పుల్లర్‌తో లాగి, కాయిల్ ప్లేటు, పై స్ప్రాకెట్ తీస్తే చైన్ వచ్చేస్తుంది.

అపోహ: పాత బండికి సరైన చైన్ ఇప్పుడు దొరకదు.

వాస్తవం: దొరుకుతుంది, కానీ బండి పేరు చెప్పి అడగకండి. హోండా పద్ధతి పార్ట్ నంబర్లో మొదటి అయిదంకెలు 14401 అంటే క్యామ్ చైన్. మధ్యలోని అక్షరాలు మోడల్‌వి. ఆ నంబరు రాసుకుని, పాత చైన్‌ను సంచిలో వేసుకుని పుత్లీబౌలికో రాణిగంజ్‌కో వెళ్లండి. రోలాన్, టీఐడీసీలాంటి చైన్ల కంపెనీల మాల్ అడగండి. పట్టీ మీద అచ్చు సరిగ్గా పడిందో లేదో, అంచులు గరుకుగా ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. లింకులు కౌంటర్ మీదే లెక్కపెట్టండి. ఒకసారి ఒక షాపులో "సేమ్ టు సేమ్, తీస్కపో భాయ్" అంటే డబ్బా నమ్మి తెచ్చాను. షెడ్డులో పాతదాని పక్కన పరిస్తే రెండు లింకులు ఎక్కువ. వాపసు తీసుకోలేదు. రెండు లింకులంటే 12.7 మి.మీ., టెన్షనర్ మోసే తేడా కాదు అది. గురువారం జుమ్మేరాత్ బజార్లో మంచి మ్యాగ్నెట్ కవర్ దొరికితే తెచ్చుకోండి, వాడిన చైన్, రబ్బర్లు మాత్రం వద్దు.

సీబీజెడ్, పల్సర్లలో టెన్షనర్ సిలిండర్ వెనక ఉంటుంది. దాన్ని విప్పాక ఇంజన్ తిప్పకూడదు, చైన్ పన్ను దాటేస్తుంది. ఏ బండి అయినా బిగించాక వెంటనే కిక్ కొట్టకండి. మ్యాగ్నెట్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డం పడితే బలవంతం చేయొద్దు, వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండొచ్చు. కవర్ మళ్లీ విప్పి మొదటి గుర్తు నుంచి చూడండి.